పెదవులకు సరిపోయిన మాట

పొరపాటు అనే మాట ఆ నటుడి పెదవులకు అచ్చంగా సరిపోయింది. మొదటి అక్షరం దగ్గర పెదవులు కలవాలి, మూడో అక్షరం దగ్గర మళ్లీ కలవాలి. పొ, ర, పా, టు. లీలాకుమారి గారు బల్ల మీద వేళ్లతో తాళం వేసి చూసుకుని, "రెండు రోజుల్నించి దీనికోసమేనమ్మా కొట్టుకుంటున్నాను" అన్నారు.

అది ఏప్రిల్ నెల. ఫిల్మ్ నగర్‌లో ఒక మేడ కింది అంతస్తులో ఉన్న డబ్బింగ్ థియేటర్లో, ఎనిమిది భాగాల అమెరికా సీరియల్‌ని తెలుగు చేస్తున్నాం. మాటలు రాసేది లీలాకుమారి గారు. నేను ఆమెకు సహాయకురాలిని. తెర మీద నోళ్లను చూడటం నా పని. ఎక్కడ పెదవులు మూసుకుంటాయో అక్కడ తెలుగులో ప గానీ బ గానీ మ గానీ పడాలి. లేకపోతే గొంతు ఒకరిది, నోరు ఇంకొకరిది అయిపోతుంది. ఊళ్లో జిల్లా పరిషత్ బడిలో చదువుకున్న నాకు ఇంగ్లీషు చెవికంటే కంటికే ముందు అందేది. ఎవరి పెదవి ఎక్కడ మూసుకుందో చెప్పగలను. అర్థం మాత్రం నిఘంటువులో వెతుక్కోవాలి.

మొదటి భాగంలో స్కూలు బస్సు నడిపే ఒక పెద్దాయన, ఎవరిదో సొంత చెరువులో చేపలు పట్టి దొరికిపోతాడు. ఆయన లాయరు పెన్నుకు మూత పెడుతూ, ఇది మిస్‌డిమీనరే, భయపడకండి అంటాడు. నిఘంటువులో ఆ మాటకు దుష్ప్రవర్తన అని ఉంది. నాకు బడిలో ఇచ్చిన టీసీ గుర్తొచ్చింది. అందులో ప్రవర్తన అని ఒక గడి ఉండేది, దానికి ఎదురుగా మా హెడ్మాస్టరు ఎర్ర సిరాతో బాగుంది అని రాసేవాడు. చేపలు పట్టిన పెద్దాయనకు ఆ మాట అతకలేదు. దాని కింద స్వల్ప నేరం అని ఇంకో అర్థం ఉంది. అందులో ప రెండో అక్షరం దగ్గర పడుతోంది, పెదవులకు కుదరలేదు. చిన్న నేరం అన్నా కుదరలేదు. అప్పుడు తట్టింది, పొరపాటు.

"అర్థం కొంచెం మెత్తబడిందేమోనండీ" అన్నాను.

"మెత్తబడితే ఏమైందమ్మా, చేపలేగా. నోరు కుదిరింది, అంతే చాలు."

ఆ మధ్యాహ్నమే ఆ మాట రికార్డయిపోయింది. ఇంటికి వెళ్లేసరికి మా నాయిన గడప మీద కూర్చుని ఉన్నాడు. కింద ఖాకీ ప్యాంటు, పైన బనియన్. చొక్కా లేదు, టోపీ లేదు, బెల్టు లేదు.

మేముండేది కృష్ణానగర్‌లో, రెండో అంతస్తులో రెండు గదుల ఇంట్లో. నాయిన పేరు హనుమంతు. ఇరవై ఆరేళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. మనిషి పొడుగు, మీసం గుబురు, నిలబడితే గుంజ పాతినట్టు ఉంటాడు. అందుకని కానిస్టేబుల్ కావలసి వస్తే ఏజెంటు ముందు నాయినకే ఫోన్ చేసేవాడు. జీపు తలుపు తీసేవాడు ఆయనే, నిందితుడి రెక్క పట్టుకుని నడిపించేవాడు ఆయనే, కోర్టు సీన్‌లో తలుపు పక్కన నిలబడేవాడు ఆయనే. ముఖం ఎప్పుడో గానీ కనపడేది కాదు. మాట అసలే ఉండేది కాదు.

కాస్ట్యూమ్ షాపు నుంచి వచ్చే యూనిఫాం ఎప్పుడూ వదులుగా ఉండేది. మా అమ్మ బాలమణి టైలరు. ఆ చొక్కాను రాత్రికి రాత్రి నడుము దగ్గర బిగించి, భుజాలు ఎత్తి, మడత పెడితే వేలు తెగేలా ఇస్త్రీ చేసి ఇచ్చేది. షూటింగ్ అయిపోయాక కుట్లు విప్పి షాపులో అప్పగించేది.

ఆ వారం నాయినకు ఫిల్మ్ నగర్‌లోనే ఐదు రోజుల పని. నాలుగో రోజు మధ్యాహ్నం బ్రేకులో చాయ్ కోసం బయటికి పోయాడట.

"మూల మీద నీళ్ల ట్యాంకర్ అడ్డం తిరిగింది, బండ్లన్నీ ఆగినయ్. చెయ్యి లేపిన, గంతే" అన్నాడు. "అందరు ఆగిండ్రు. ట్యాంకర్ ఎనుకకు పోయింది. గప్పుడే అసలు పోలీసోళ్లు వచ్చిండ్రు."

స్టేషన్‌లో పేరు, ఊరు రాసుకుని, చొక్కా, టోపీ, బెల్టు ఉంచుకుని, కోర్టుకు రావలసిన తేదీ ఉన్న కాగితం ఇచ్చి పంపించారు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, గట్టిగా కూడా మాట్లాడలేదట. ఒక హెడ్ కానిస్టేబుల్ అయితే, నీ క్రాఫ్ మాకంటే పద్ధతిగ ఉందిరా భై అని నవ్వాడట.

అమ్మ నవ్వలేదు. కాగితాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "నేనే బిగిచ్చిన" అంది. "వదులుగుంటే ఎవ్వలు నమ్మకపోదురు."

షూటింగ్ ప్రొడక్షన్ మేనేజరుకు ఫోన్ చేస్తే ఆయన తేలిగ్గా తీసిపారేశాడు. "పెట్టీ కేసేనయ్యా. పెట్టీ క్యాష్‌కి బిల్లడుగుతామా? ఇదీ అంతే. ఒప్పుకుని, ఫైన్ కట్టి వచ్చెయ్." సినిమావాళ్లకు ఆ మాట బాగా తెలుసు. కొబ్బరికాయలు, ఆటో కిరాయిలు, చాయ్‌లు అన్నీ పెట్టీ క్యాష్‌లోనే పోతాయి, వాటికి కాగితం ఉండదు. దాంతో మా ఇంట్లో కూడా అందరం అలాగే అనుకున్నాం. పెట్టీ అంటే కాగితం మీదికి ఎక్కనిది.

అలా అనుకుని ఊరుకునేవాళ్లమే. కానీ జూన్ ఒకటి నుంచి నాయిన ఒక ఉద్యోగంలో చేరాల్సి ఉంది. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంటుకు సెక్యూరిటీ గార్డు. నెల జీతం, పీఎఫ్, కూర్చోవడానికి కుర్చీ. ఆ కుర్చీయే అన్నిటికంటే ముఖ్యం. రెండేళ్లుగా నాయిన మోకాళ్లు నిలబడనివ్వడం లేదు. షూటింగ్‌లో కానిస్టేబుల్ కూర్చోవడం అంటూ ఉండదు. ఏజెంటు కూడా కుర్రవాళ్లకే ఎక్కువ ఫోన్ చేస్తున్నాడు. గార్డు ఉద్యోగం ఇచ్చే ఏజెన్సీ అప్పటికే నాయిన ఛాతీ, భుజాల కొలతలు తీసుకుంది. మిగిలింది ఒక ఫారం. అందులో ఒక ప్రశ్న ఉంది: మీకు ఎప్పుడైనా ఏ నేరంలోనైనా శిక్ష పడిందా?

ఆదివారం యూసుఫ్‌గూడలో రష్మి అక్క దగ్గరికి పోయాం. ఆమె వకీలు. ఆమె జాకెట్లు కుట్టేది అమ్మే. సోఫాలో కూర్చోమంటే నాయిన కూర్చోలేదు. మేనేజరు చెప్పిన పెట్టీ క్యాష్ ముచ్చట అమ్మ చెప్పింది. రష్మి అక్క నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పెట్టీ అంటే చిన్నది అంకుల్. లేనిది కాదు" అంది. "ఒప్పుకుని ఫైన్ కడితే శిక్ష పడినట్టే. ఫైన్ చిన్నదైనా సరే, రేపు ఫారంలో అవును అని రాయాలె."

నాకు మా సీరియల్ లాయరు గుర్తొచ్చాడు. "అక్కా, మిస్‌డిమీనర్ అంటే ఇదేనా?" అని అడిగాను.

"ఆ మాట మన చట్టంలో లేదు మనోజా. కానీ దానికి మన దగ్గర దగ్గరి చుట్టం అంటే ఇదే."

"మరి అది నేరమేనా?"

"నేరమే. హత్య, దోపిడీ పెద్ద గదులల్ల ఉంటయ్. ఇది చిన్న గదిల ఉంటది. ఇల్లు ఒక్కటే."

ఆ తర్వాత ఆమె ఒక దారి చెప్పింది. చట్టం చూసేది యూనిఫాం వేసుకున్నాడా అని కాదు, నిజం పోలీసు అని ఎదుటివాళ్లు అనుకోవాలని వేసుకున్నాడా అని. నాయిన వేసుకున్నది షూటింగ్ కోసం. దానికి ప్రొడక్షన్ ఆఫీసు నుంచి ఉత్తరం తెస్తాం. జడ్జి అడిగినప్పుడు నాయిన ఒక్క మాట అంటే చాలు, పొరపాటైంది అని. చాయ్‌కి పోయి, అలవాటులో చెయ్యి లేపాడు. ఇలాంటివి విని వదిలేసిన సందర్భాలు ఆమె చూసింది. అప్పుడు ఫారంలో కాదు అని ధైర్యంగా రాయొచ్చు.

"ఒక్కసారే కదా అంకుల్? ఎవ్వరి దగ్గర ఏం తీసుకోలేదు కదా?"

"లే" అన్నాడు నాయిన.

ఆ మాటకు పెదవులు కలవనక్కర్లేదు. అయినా నాయిన పెదవులు ఒకసారి గట్టిగా కలిసి, ఆ తర్వాతే విడిపోయాయి. అది నా పని కాబట్టి చూశాను. అమ్మ చూడలేదు.

తేదీ మే నెల చివర్లో ఉంది. అప్పటిదాకా అమ్మ ప్రతి పొద్దున చాయ్ గ్లాసు చేతికిచ్చి నాయినతో ఆ మాట చెప్పించేది. పొరపాటైంది మేడమ్. ఒకరోజు మరీ చిన్నగా అన్నాడని, మరోరోజు మీసం దువ్వుతూ అన్నాడని తప్పులు పట్టేది. "ఇరవై ఆరేండ్లకు ఒక్క డైలాగు దొరికింది. జర మంచిగ చెప్పు, లేకుంటే అది గూడ కట్ చేస్తరు" అనేది. నాయిన నవ్వేవాడు. నవ్వి గ్లాసు వైపు చూసేవాడు.

ఈలోగా మేం ఆరో భాగానికి వచ్చాం. అందులో ఆ పెద్దాయనను స్కూలు బస్సు ఉద్యోగం నుంచి తీసేస్తారు. చెరువు కేసు కాగితం ఎవరో బయటికి తీస్తారు. పిల్లలను ఎక్కించుకునే బండిని శిక్ష పడినవాడి చేతికి ఇవ్వమంటారు. ఆయన బస్సు తాళంచెవి బల్ల మీద పెడుతూ మళ్లీ అదే మాట అంటాడు, మిస్‌డిమీనర్ అని.

లీలాకుమారి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇదేంటమ్మాయ్, పొరపాటు చేస్తే ఉద్యోగం తీసేస్తారా? చూసేవాళ్లు నవ్వుతారు."

"మొదటి భాగంలోనే నేరం అనాల్సిందండీ" అన్నాను.

"అది అయిపోయిందిగా. ఇక్కడ ఏదో ఒకటి సర్దుదాంలే. నువ్వెళ్లి కాస్త టీ తాగిరా, ముఖం అంతా వాడిపోయింది."

ఎప్పుడూ మేడ ముందున్న బండి దగ్గర తాగేదాన్ని. ఆ రోజు కాళ్లు మూల దాకా తీసుకుపోయాయి. ట్యాంకర్ అడ్డం తిరిగిన మూల. అక్కడ కొత్త చాయ్ బండి ఉంది. పైన పరదా గుడ్డ కట్టి, పాత సినిమా ఫ్లెక్సీని ఎండకు అడ్డం పెట్టారు. బండి మీద ఉన్నామెకు ముప్ఫై ఏళ్లుంటాయి. పక్కనున్న ఆటో అతను బుజ్జీ అని పిలుస్తున్నాడు. గ్లాసు అందుకుని, ఏ ఊరని అడిగాను.

"అమలాపురం దగ్గరండి. బండెట్టి రెండు నెల్లయింది."

"ఫుట్‌పాత్ మీద పెట్టనిస్తున్నారా?"

"ఎక్కడండీ. వారానికోసారి తీసెయ్యమంటారు. ఏప్రిల్లో ఒక పోలీసాయన వచ్చేవారు, పెద్ద మీసాలాయన. ఆయన తాగెళ్లిన నాలుగు రోజులూ బండి మీద ఎవరూ చెయ్యెయ్యలేదు. ఈయనెవరో మనవైపున్నారనుకున్నాను." పాలు పొంగుతుంటే మంట తగ్గించింది. "తర్వాత తెలిసిందండి, సినిమా పోలీసంట."

"డబ్బులిచ్చేవారా?"

"పోలీసు దగ్గర డబ్బులడుగుతామా అండీ? మొదటి రోజు జేబులో చెయ్యెట్టారు. వద్దు సార్, మీరు ఇటు చూస్తుంటే చాలన్నాను. రెండో రోజు చెయ్యెట్టలేదు." నా ముఖంలో ఏం కనపడిందో, గబగబా అంది, "మంచోరండీ. పల్లెత్తు మాటనలేదు. ఆ కేసు లేకుండా పోతే బాగుండును."

నేను ఎవరినో చెప్పలేదు. నా చాయ్‌కి డబ్బులిచ్చి వచ్చేశాను. థియేటర్ దాకా నడుస్తూ నాలుగు చాయ్‌ల సంగతి ఆలోచించలేదు. భయపడుతూ పోసిన చాయ్‌ని ఆయన ఊదుకుంటూ తాగడం గురించి ఆలోచించాను. ఆమె భయం ఆయనకు తెలుసా? జేబులో చెయ్యి పెట్టని రెండో రోజుకు తెలిసే ఉండాలి.

అమ్మకు చెప్పలేదు. నాయినను అడగలేదు. ప్రతి పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని ఆయన పొరపాటైంది మేడమ్ అంటుంటే, ఆయన నోటి వైపు మాత్రం చూసేదాన్ని. మాట పెదవులకు బాగా కుదురుతోంది. ఆయన అది చెప్పి బయటపడాలనే నేనూ కోరుకున్నాను. ఆ కుర్చీ ఆయనకు దొరకాలి. అయినా ఆ మాట విన్న ప్రతిసారీ లోపల ఎక్కడో గొంతు ఒకరిది, నోరు ఇంకొకరిది అనిపించేది.

తేదీ నాడు నాంపల్లి కోర్టుకు పోయాం. నాయిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. కోర్టు హాలు నిండిపోయింది. హెల్మెట్ లేనివాళ్లు, రోడ్డు మీద కొట్లాడుకున్నవాళ్లు, దుకాణం ఆలస్యంగా మూసినవాళ్లు. పేరు పిలుస్తారు, మనిషి వెళ్తాడు, తల ఊపుతాడు, వచ్చేస్తాడు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా పట్టడం లేదు. సినిమాల్లో ఇన్ని కోర్టులు చూసిన నాయిన, తలుపు పక్కన నిలబడిన కానిస్టేబుల్‌నే చూస్తున్నాడు.

పేరు పిలిచారు. జడ్జి నడివయసు స్త్రీ. రష్మి అక్క ప్రొడక్షన్ వాళ్ల ఉత్తరం ఇచ్చి, షూటింగ్ విరామంలో జరిగిందని చెప్పడం మొదలుపెట్టింది. జడ్జి ఉత్తరం చదివి, ఆయనే చెప్పనివ్వండి అన్నారు. ఏం జరిగిందో, నేరం ఒప్పుకుంటున్నాడో లేదో చెప్పమని నాయిన వైపు చూశారు.

"పొర" అన్నాడు నాయిన.

పెదవులు రెండోసారి కలిశాయి. కలిసి అలాగే ఉండిపోయాయి. పక్కనున్న అమ్మ చెయ్యి నా మోచేతి మీద బిగిసింది.

"పొరపాటు గాదు మేడమ్" అన్నాడు. "ఒక్కనాడైతే పొరపాటే. నాలుగు దినాలు పోయిన. చాయ్ బండి ఆమె సార్ అన్నది, నేను కాదన్లే. పైసలు ఇయ్యలే."

రష్మి అక్క చేతిలోని ఫైలు మూసింది. జడ్జి రాస్తున్నది ఆపి తలెత్తారు. "ఎందుకు కాదనలేదు?"

"మంచిగనిపించింది మేడమ్" అన్నాడు నాయిన.

వెనక బెంచీల్లో ఎవరో నవ్వారు. జడ్జి నవ్వలేదు. తల వంచి రాసుకున్నారు. చిన్న జరిమానా, దాంతోపాటు కోర్టు లేచేదాకా శిక్ష. అదేమిటో మాకు అర్థం కాలేదు. రష్మి అక్క వచ్చి చెప్పింది. జడ్జి సాయంత్రం పని ముగించి లేచేదాకా అక్కడే, ఆ హాల్లోనే కూర్చోవాలి. బయటికి పోకూడదు. అదే జైలు. అంతకంటే చిన్న జైలు లేదు.

"ఒక్క మాట అంకుల్" అంది ఆమె, కోపంగా కాదు. "ఒక్క మాట అంటే అయిపోయేది."

"నేర్సుకున్న బిడ్డా" అన్నాడు నాయిన. "నోట్లెకెల్లి రాలే."

అమ్మ లేచి ఇంటికి పోయింది, కుట్టుపని ఉందని. నేను ఉండిపోయాను. వెనక బెంచీలో గోడ పక్కన నాయిన, ఆయన పక్కన నేను. పైన ఫ్యాను ఒక వైపుకు ఒరిగి తిరుగుతోంది. పేర్లు పిలుస్తూనే ఉన్నారు. షూటింగుల్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పిలుపు కోసం ఎదురుచూడటం నాయినకు కొత్త కాదు, కానీ ఇక్కడ పిలుపు ఎప్పుడో అయిపోయింది. మధ్యాహ్నం జడ్జి లేచినప్పుడు అయిపోయిందనుకుని లేవబోయాం. బంట్రోతు చేత్తో కూర్చోమని సైగ చేసి, "గిప్పుడు లేచింది అన్నానికి. సాయంత్రం లేస్తేనే లేచినట్టు" అన్నాడు. నేను బయటికి వెళ్లి రెండు అరటిపళ్లు తెచ్చాను. నాయిన తొక్కలు రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడు గంటలప్పుడు, ముందుకే చూస్తూ అడిగాడు. "నీకు ఎరికేనా?"

"ఎరికే."

"ఎవ్వలు చెప్పిండ్రు?"

"బుజ్జక్క. చాయ్ బండి ఆమె."

తలూపాడు. "ఆమె భయపడింది. నాకు రెండోనాడే తెల్సింది" అన్నాడు. "అయినా పోయిన."

నేను అరటితొక్కల రుమాలు ఆయన జేబులోంచి తీసి నా సంచిలో వేసుకున్నాను.

ఐదు దాటాక జడ్జి కాగితాలు సర్దుకుని లేచారు. హాల్లో మిగిలిన నలుగురం లేచాం. నాయిన నిటారుగా నిలబడ్డాడు, మడమలు కలిశాయి, కుడి చెయ్యి అలవాటుగా నుదుటి వైపు లేచింది. సగంలో ఆగింది. ఆగి, కిందికి దిగి, ఎడమ చేతిని కలుపుకుని దండం అయింది. జడ్జి చూశారో లేదో నాకు తెలియదు. ఆమె అప్పటికే తలుపు దాటారు.

ఏజెన్సీ ఫారంలో ఆ ప్రశ్నకు నాయిన తన చేత్తోనే రాశాడు. ఉన్న గడి చిన్నది, అవును అనో కాదు అనో టిక్కు పెట్టడానికి. ఆయన అవును దగ్గర టిక్కు పెట్టి, పక్క అంచులో కోర్టు లేచేదాకా అని రాశాడు. ఫారం తీసుకున్న కుర్రాడు దాన్ని రెండుసార్లు చదివి, ఇదేం శిక్ష అంకుల్ అని నవ్వి, పైవాళ్లను అడుగుతానన్నాడు. నాలుగు రోజులకు ఫోన్ వచ్చింది. అపార్ట్‌మెంటువాళ్లు ఒప్పుకోలేదట. గేటు దగ్గర నిలబెట్టేవాడి మీద కేసు ఉండకూడదట, అది ఎంత చిన్నదైనా.

అమ్మ రెండు రోజులు నాయినతో మాట్లాడలేదు. మూడో రోజు ఏజెంటు ఫోన్ చేశాడు, కానిస్టేబుల్, రెండు రోజుల పని అని. కాస్ట్యూమ్ షాపు నుంచి చొక్కా వచ్చింది. షాపువాడు ముందే గొణుక్కుంటూ ఇచ్చాడు, పాతది స్టేషన్ నుంచి విడిపించుకోవడానికి వాడు నాలుగుసార్లు తిరిగాడు మరి. అమ్మ ఆ చొక్కాను మిషను మీద పరిచింది, భుజం దగ్గర సూదులు గుచ్చింది, కాసేపు చూసి సూదులన్నీ తీసేసింది.

"వదులుగనే ఉండనీ" అంది. అదే ఆమె మళ్లీ మాట్లాడిన మొదటి మాట.

ఆ పని కూడా ఫిల్మ్ నగర్‌లోనే. బ్రేకులో నేను వెళ్లేసరికి నాయిన చాయ్ బండి దగ్గర ఉన్నాడు. చొక్కా, టోపీ సెట్లో వదిలేసి, ఖాకీ ప్యాంటు మీద బనియన్, భుజాన తువ్వాలు. దారిన పోయేవాళ్లు తిరిగి తిరిగి చూస్తున్నారు. బుజ్జి గ్లాసు అందిస్తూ, అలవాటు తప్పక, సార్ అంది.

"సార్ గాదమ్మా. హనుమంతు" అన్నాడు నాయిన.

"అలాగేనండి హనుమంతుగారూ" అంది బుజ్జి. ఆ గారు తీసెయ్యమని ఆయన అనలేదు. గ్లాసు తీసుకుని నా వైపు చూశాడు, మీసం కింద చిన్న నవ్వు ఉంది.

ఆ మధ్యాహ్నమే నేను లీలాకుమారి గారిని అడిగాను, మొదటి భాగంలో ఆ ఒక్క మాట మార్చుకుందామని. నేనుగా ఏదైనా అడగడం అదే మొదటిసారి. ఆమె కొంచెం ఆశ్చర్యపోయారు.

"మార్చి ఏమంటావు?"

"చిన్న నేరం అంటానండీ."

"పెదవులు?"

సీన్ వేసి చూపించాను. లాయరు పెన్ను మూత పెడతాడు, మాట అంటాడు, ఆ తర్వాత లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు. అక్కడ రెండు సెకన్లు ఆయన వీపు మాత్రమే కనిపిస్తుంది. బల్ల దగ్గర భయపడకండి అన్న ముక్క ఉంచి, అసలు మాటను కిటికీ దాకా తీసుకుపోతే సరిపోతుంది. వెనుదిరిగిన మనిషికి పెదవులతో పని లేదు.

ఆమె రెండుసార్లు వేయించుకుని చూశారు. "ఒక్క మాట కోసం అంత దూరం నడిపించావన్నమాట ఆయన్ని" అన్నారు. తర్వాత డబ్బింగ్ ఆర్టిస్టుకు ఫోన్ చేశారు.

జూలైలో సీరియల్ వచ్చింది. బయట వాన. అమ్మ మిషను ఆపి వచ్చి కూర్చుంది. నాయిన మోకాళ్లకు నూనె రాసుకుంటూ, గోడకు ఆనించిన నా ఫోన్‌లో మొదటి భాగం చూస్తున్నాడు. చెరువు, చేపలు, లాయరు. లాయరు లేచి కిటికీ దగ్గరికి వెళ్లాడు. మాకు వీపు చూపిస్తూ, చిన్న నేరమే, అన్నాడు.

నాయిన చెయ్యి మోకాలి మీద ఆగింది. "గా మాట అన్నప్పుడు మొఖం కనిపియ్యలే ఏంది?"

"పెదవులు కుదరలేదు నాయినా. అందుకని అటు తిప్పినం."

ఆయన నమ్మినట్టే తలూపాడు. మళ్లీ నూనె రాసుకోవడం మొదలుపెట్టాడు.

"నిజమే బిడ్డా" అన్నాడు. "గా మాటకు నోరు జల్ది తిరగది."